పొడుగు ఈల

మిత్సుయో ముప్పై మూడేళ్ళుగా ఒసాకా నగరాన్ని వీపుతోనే చూసింది.

టూరిస్టు బస్సులో గైడు పని అలాంటిది. ముందు అద్దానికి వీపు పెట్టి, ప్రయాణికుల వైపు తిరిగి నిలబడాలి. నగరం ఆవిడ వెనక నుంచి వచ్చి, రెండు భుజాల పక్కగా జారిపోయి, ఎదురుగా కూర్చున్నవాళ్ళ కళ్ళలోకి వెళ్ళేది. కోట దగ్గర పడిందన్న సంగతి ఆవిడ కోటని చూసి తెలుసుకోలేదెప్పుడూ. మొదటి వరసలో వాళ్ళ నోళ్ళు తెరుచుకోవడం చూసి తెలుసుకునేది. “మీ కుడి చేతి వైపు చూడండి” అంటూ తను ఎడమ చెయ్యి ఎత్తాలి. ఈ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. ఉప్పు డబ్బా కుడి పక్కన ఉందంటూ ఎడమ పక్కకి చూపించేది. “నీతో కాపురం చేశాక నాకు ఏ చెయ్యి ఏదో మరుపొచ్చింది” అని మొగుడు విసుక్కునేవాడు.

ఆ కాపురం ఏడేళ్ళకే పెటాకులైంది. అసలు ఆ కాపురం కోసమే ఆవిడ ఉద్యోగం పోయింది. షికొకు దీవిలో ఒక సముద్రతీరపు పల్లె నుంచి పద్దెనిమిదో ఏట వచ్చి కంపెనీలో చేరింది. నది గట్టున నిలబడి అవతలి గట్టుకి వినబడేలా అరిచి గొంతు సాధించింది. తెల్ల చేతి తొడుగులు, చిన్న టోపీ, చేతిలో జెండా. ఆరేళ్ళు గడిచాక పెళ్ళి కుదిరిందని చెబితే, ఆ సాయంత్రమే రాజీనామా కాగితం తెచ్చి చేతిలో పెట్టారు, తాంబూలం ఇచ్చినంత నవ్వుతూ. పెళ్ళైన ఆడది గైడుగా పనికిరాదని ఎక్కడా రాసి లేదు. రాసి లేని చట్టాలనే మన ఆఫీసులు ఎక్కువ నిష్ఠగా పాటిస్తాయి.

విడాకుల తరవాత ముప్పై ఒకటో ఏట తిరిగి వస్తే కంపెనీ చేర్చుకుంది. ఈసారి ఏడాది కాంట్రాక్టు. మార్చి ముప్పై ఒకటిన ఉద్యోగం అయిపోతుంది, ఏప్రిల్ ఒకటిన కొత్తగా మొదలవుతుంది. అలా ఇరవై ఏడుసార్లు. మధ్యలో, ఐదేళ్ళు దాటిన కాంట్రాక్టు మనిషి తనని పర్మనెంటు చెయ్యమని అడగొచ్చని చట్టం వచ్చింది. “అడగనా అన్నా?” అని ఆవిడ ఇవాసేని సలహా అడిగింది.

“అడిగితే పైవాళ్ళ మొహాలు మాడతాయి మిత్సూ. మనదంతా ఒకే ఇల్లు. ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళకి దరఖాస్తు పెట్టుకుంటారా?” అన్నాడు ఇవాసే.

ఆవిడ అడగలేదు. ఇవాసే చెప్పాడంటే ఆవిడకి అంతే.

ఇవాసే ఆవిడ బస్సు డ్రైవరు. పంతొమ్మిదేళ్ళు ఒకే బస్సు మీద పనిచేశారు. తరవాత అతని నడుము ఎముక జారిపోయి, స్టీరింగు వదిలి ఆఫీసు కుర్చీలోకి మారి, ట్రిప్పుల మేనేజరయ్యాడు. వాళ్ళిద్దరి మధ్య ఏదో ఉందని కొత్త గైడులు గుసగుసలాడేవాళ్ళు. ఉన్నది ఒకటే, ఈల.

బస్సు వెనక్కి పోవాలంటే గైడు దిగి వెనక నిలబడి ఈల ఊదాలి. రెండు చిన్న ఈలలు ఊదితే రమ్మని. పొడుగు ఈల ఒక్కటి ఊదితే ఆగమని. పొడుగు ఈల విన్న డ్రైవరు ఎందుకని అడగడు. ముందు బ్రేకు, తరవాత ప్రశ్న. అందుకే ప్రమాదం లేకుండా పొడుగు ఈల ఊదడం గైడు చెయ్యకూడని పాపాల్లో మొదటిది. ఒకసారి కొండమీది గుడి దగ్గర, పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న బడిపిల్లాడొకడు ఓక్ చెట్టు నుంచి రాలిన కాయ ఏరుకోవడానికి వెనక చక్రం కిందికి వంగాడు. మిత్సుయో పొడుగు ఈల ఊదింది. బస్సు ఆగింది. ఇవాసే దిగి వచ్చి, చక్రానికీ పిల్లాడి టోపీకీ మధ్య ఉన్న జానెడు చోటు చూసి, రోడ్డు మీద కూలబడ్డాడు.

“మిత్సూ, ఈ ఇవాసే కాలు ఇకమీదట నీ ఈలది” అన్నాడు ఏడుస్తూ.

ఆ మాటని ఆవిడ ఇరవై రెండేళ్ళు దాచుకుంది.

కిందటి నవంబరులో, బుకింగులు లేని ఒక మంగళవారం, ఇవాసే పిలిచి నీ గొంతు రికార్డు చెయ్యాలన్నాడు. “కొత్తగా చేరే పిల్లలకి నేర్పడానికి. నీలాగ చెప్పగలిగినవాళ్ళు మళ్ళీ పుట్టరు” అన్నాడు. ఆవిడకి గర్వంగానే అనిపించింది. స్టూడియోలో గోడ వైపు తిరిగి మాట్లాడమంటే మాత్రం నోరు పెగల్లేదు. ఎదురుగా మనుషుల మొహాలుంటే తప్ప ఆవిడకి మాట రాదు. అప్పుడు ఇవాసే నడుముకి పట్టీ బిగించుకుని, తనే ఖాళీ బస్సు బయటికి తీశాడు.

“పద, పాత రోజుల్లాగ ఒక్క చుట్టు తిరిగొద్దాం.”

కాలరుకి చిన్న మైకు తగిలించుకుని, ముప్పై నాలుగు ఖాళీ సీట్లకీ ఒక్క ఇవాసే వీపుకీ ఆవిడ నగరమంతా చెప్పింది. వంతెనలు, నది, బియ్యం వ్యాపారుల వీధులు, రేవు. నవ్వించేచోట ఇవాసే నవ్వాడు. చప్పట్లు కొట్టేచోట హారన్ మోగించాడు. మధ్యాహ్నం కోట కందకం పక్కన బస్సాపి, ఇద్దరూ మెట్ల మీద కూర్చుని పులుసులో ఉడికించిన అక్టోపస్, అన్నం ఉండలు తిన్నారు. అప్పుడు ఇవాసే అడిగాడు.

“నువ్వు మొట్టమొదట ఒసాకా చూసిందెప్పుడు మిత్సూ?”

మైకు సంగతి ఆవిడ మరిచిపోయింది. తింటూ తింటూ, ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది.

“అమ్మ దింపడానికొచ్చిందన్నా. ఓడ దిగి, హాస్టలుకి సాయంత్రం రమ్మన్నారని, నగరం చూద్దామని ఇక్కడికొచ్చాం. ఇద్దరికీ అదే మొదటిసారి. అమ్మ నాచు కోతకి వేసుకునే రబ్బరు బూట్లతోనే వచ్చేసింది. అవి తప్ప దానికి వేరే లేవు. ఒళ్ళంతా నాచు వాసన. కోట గేటు దగ్గర అందరూ బూట్ల వంకే చూస్తున్నారు. నాకు చచ్చే సిగ్గేసింది. ‘నువ్విక్కడ కూర్చో, నేను చూసొచ్చి చెప్తా’ అన్నాను. అలాగేనే అని కందకం పక్కన బెంచీ మీద కూర్చుంది. లోపల రెండు గంటలు తిరిగాను. బయటికొచ్చి, ఎదురుగా నిలబడి, చేతులు తిప్పుకుంటూ అంతా చెప్పాను. అది నోరు తెరుచుకుని విన్నది. ‘నేను చూసినట్టే ఉందే, నువ్వీ పనికి పనికొస్తావు’ అంది. మళ్ళీ ఒసాకా రాలేదు. కోట లోపల చూడకుండానే పోయింది. దానికి మోకాళ్ళ నొప్పని, అందుకే లోపలికి రాలేదని నలుగురికీ చెప్తుంటాను గానీ, బయట కూర్చోబెట్టింది నేనే.”

ఇవాసే తన డబ్బాలో మిగిలిన అక్టోపస్ ముక్క తీసి ఆవిడ డబ్బాలో వేశాడు. అంతకంటే మంచి ఓదార్పు ఎవరిస్తారనుకుంది మిత్సుయో.

ఫిబ్రవరి నెలాఖరున ఏడుగురు గైడులనీ క్యాంటీనుకి పిలిచారు. ఇవాసే కాగితం పట్టుకుని, తల ఎత్తకుండా చదివాడు. ఏప్రిల్ నుంచి బస్సుల్లో గైడులకి బదులు స్పీకర్లు మాట్లాడతాయి. ఈ ఏడాది కాంట్రాక్టులు కొత్తగా రాయరు. ఇన్నాళ్ళ సేవకి కంపెనీ కృతజ్ఞతలు. చివర్న ఒక వాక్యం చేర్చాడు. “హమాగుచి మిత్సుయో గారికి మాత్రం శిక్షకురాలిగా వేరే ఏర్పాటు ఉంటుంది.”

ఆరు జతల కళ్ళు ఆవిడ వైపు తిరిగాయి. ముప్పై మూడేళ్ళు మొహాలు చదివి బతికిన మనిషికి ఆ చూపులు చదవడం ఎంతసేపు?

బట్టలు మార్చుకునే గదిలో రుమికో లాకరు తలుపు ధడాలున మూసింది. నలభై ఏళ్ళ మనిషి, మొగుడు లేకుండా ఇద్దరు పిల్లల్ని లాక్కొస్తోంది. మిత్సుయో దగ్గరే జెండా పట్టడం నేర్చుకుంది.

“ఎంతకి అమ్మావక్కా?”

“ఏంటే అమ్మింది?”

“గొంతు. ఇంకేముంది నీ దగ్గర అమ్మడానికి? మా అందరి కడుపులూ కొట్టి కుర్చీ సంపాదించుకున్నావుగా. శిక్షకురాలంట!”

“నేనేమీ అమ్మలేదే రుమికో. కొత్తపిల్లలకి నేర్పడానికన్నారు, చెప్పాను.”

“ఏ కొత్తపిల్లలు? ఉన్న పాతవాళ్ళనే గెంటుతుంటే! నీ రికార్డింగు మూడో నంబరు బస్సులో వారం నుంచి పెట్టి చూస్తున్నారు. టిక్కెట్టు కొనుక్కుని ఎక్కు, నువ్వే విందువు గాని.”

మర్నాడు మిత్సుయో సెలవు పెట్టి, కళ్ళ దాకా టోపీ లాక్కుని, పుప్పొడి కాలం గనక మూతికి మాస్కు తగిలించుకుని, స్టేషను ముందు లైన్లో నిలబడి మూడో నంబరు బస్సెక్కింది. మూడో వరసలో సీటు. జీవితంలో మొదటిసారి ఆ బస్సులో కూర్చుంది.

బస్సు కదలగానే ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుంది. నగరం ఎదురుగా వచ్చి మీద పడుతోంది. మిదోసుజి రోడ్డు గురించి వేలసార్లు చెప్పింది, ఇటు రెండు వరసలు అటు రెండు వరసలు గింకో చెట్లని. ఆ నాలుగు వరసలూ దూరంగా పోయి పోయి దగ్గరై, సన్నని దారంలా కలుస్తాయని ఆవిడకి ఇప్పుడే తెలిసింది. ఇంత బాగుంటుందా అనుకుంది. సరిగ్గా అప్పుడే నెత్తిమీది స్పీకరు లోంచి తన గొంతే తనకి ఆ చెట్ల సంగతి చెప్పసాగింది.

పక్క సీట్లో ఎనభై దాటిన ముసలావిడ, షిమానె కొండల్లోంచి వచ్చింది. ఒళ్ళో కమలాపళ్ళ సంచీ. ఒకటి ఒలిచి సగం మిత్సుయో చేతిలో పెట్టింది.

“తిను, మా పెరటి చెట్టువి. చచ్చేలోగా ఒక్కసారి ఒసాకా చూడాలని మనవడి ప్రాణం తీసి టిక్కెట్టు కొనిపించా. ఇంతకీ ఆ పిల్లేదమ్మా? మాట వినిపిస్తోంది, మనిషి కనబడదే?”

“మనిషి లేదు పెద్దమ్మా. రికార్డింగు.”

“అయితే నేనడిగితే చెప్పదా?”

“చెప్పదు.”

“మరి బాత్రూం ఎక్కడుందో ఎవర్నడగాలి? ఈ పిల్లాణ్ణి అడిగితే బస్సు గోడకి కొట్టేలా ఉన్నాడు.” డ్రైవరు వైపు గడ్డంతో చూపించింది. వెనక సీటువాళ్ళు నవ్వారు. మిత్సుయో ఇంకో రెండు నిమిషాల్లో వచ్చే స్టాపు, అక్కడి బాత్రూం, మెట్లు లేని దారి చెప్పింది. అలవాటుగా ఎడమ చెయ్యి ఎత్తి కుడి పక్కన అంది. ముసలావిడ రెండు పక్కలా చూసి, “నీకు కూడా ఒసాకా కొత్తేనా?” అని జాలిపడింది.

కోట దగ్గర పడగానే స్పీకరులో పియానో మొదలైంది. పియానో ఎందుకో మిత్సుయోకి అర్థం కాలేదు. తరవాత అర్థమైంది.

“...అమ్మ నాచు కోతకి వేసుకునే రబ్బరు బూట్లతోనే వచ్చేసింది. అవి తప్ప దానికి వేరే లేవు...”

నములుతున్న పండు నోట్లోనే ఆగిపోయింది. ‘అన్నా’ అన్న పిలుపు కత్తిరించేశారు. నమిలే చప్పుడు తీసేశారు. మిగతా అంతా అలాగే ఉంది. ముందు వరసలో ఒకాయన ముక్కు తుడుచుకున్నాడు. ఇద్దరు అమ్మాయిలు ఫోను పైకెత్తి స్పీకరుని వీడియో తీస్తున్నారు. “...బయట కూర్చోబెట్టింది నేనే” అన్న మాట అయిపోయాక పియానో ఇంకాస్త పెరిగి, ఆ వెంటనే అదే గొంతు ఉత్సాహంగా, “దిగేటప్పుడు మెట్టు చూసుకోండి!” అంది.

ముసలావిడ నాలిక చప్పరించింది. “పాపిష్టి పిల్ల. కన్నతల్లిని గుమ్మం బయట చెప్పులు విడిచినట్టు విడిచిందా? పైగా దాన్ని డప్పు కొట్టి ఊరందరికీ చెప్పుకుంటోంది. సిగ్గన్నా లేదు.”

“డప్పు తను కొట్టలేదేమో పెద్దమ్మా.”

“గొంతు దానిదేగా?”

మిత్సుయో మాస్కు పైకి లాక్కుంది. అందరూ దిగారు. ముసలావిడ కోట మెట్లు చూసి, మోకాళ్ళు నిమురుకుని, కందకం పక్కన బెంచీ మీద చతికిలబడి, తన జోకుకి తనే నవ్వుకుంటూ అంది, “నేనూ ఆ తల్లిలాగే ఇక్కడే కూర్చుంటా. నువ్వెళ్ళి చూసొచ్చి చెప్పు.”

మిత్సుయో ఎదురుగా నిలబడి నోరు తెరిచింది. చెప్పడానికి ఏ మాట ఎత్తుకున్నా, అది ఇందాక స్పీకరు చెప్పిన మాటే. ముప్పై మూడేళ్ళలో ఎదురుగా మొహం పెట్టుకుని మాట రాకపోవడం అదే మొదలు. “లోపల లిఫ్టుంది పెద్దమ్మా, ఎక్కొచ్చు” అని మాత్రం అనగలిగింది. ఆ సంగతి స్పీకరు చెప్పలేదు. ముసలావిడని లిఫ్టు లైనులో నిలబెట్టి, అక్కణ్ణించి తిన్నగా ఆఫీసుకి వెళ్ళింది.

“అన్నా, ఆ మాట నీకు చెప్పాను. బస్సుకి చెప్పలేదు.”

ఇవాసే లేచి తలుపు మూశాడు. “కూర్చోండి హమాగుచి గారూ.”

“గారా? ఎప్పట్నించి?”

“పైవాళ్ళకి ఆ ముక్కే నచ్చింది. అది లేకపోతే మిగతాదంతా చప్పగా ఉందన్నారు. విన్నవాళ్ళు ఏడుస్తున్నారట, మంచి పేరొస్తోంది...”

“నన్నడిగావా?”

ఇవాసే ఒక కాగితం ముందుకు జరిపాడు. తన గొంతుని కంపెనీ ఎలాగైనా, ఎంతకాలమైనా వాడుకోవచ్చని అందులో ఉంది. కింద సంతకానికి బదులు ఎర్రగా, గుండ్రంగా, ఆవిడ పేరు ముద్ర. ఫిబ్రవరి ఏడో తేదీ.

ఆ ముద్ర ఆవిడదే. ఇవాసే బల్ల సొరుగులో బిస్కెట్ల డబ్బా ఒకటుంది. ఏడుగురు గైడుల పేరు ముద్రలూ అందులోనే ఉంటాయి. హాజరుకి ముద్ర, సెలవుకి ముద్ర, కొత్త చేతి తొడుగులు తీసుకున్నా ముద్ర. తెల్లారకుండా ట్రిప్పుకి పోయేవాళ్ళు ప్రతిదానికీ ఆఫీసుకి రాలేరు గనక మేనేజరే తీసి కొడుతుంటాడు. ఏ ఆఫీసులో చూసినా ఇదే తంతు. ముద్ర ఇంటికి పట్టుకెళ్ళే మనిషిని అనుమానం మనిషని నవ్వుతారు. నమ్మకం అనే సుగుణాన్ని ఎప్పుడూ కిందివాళ్ళ దగ్గరే వసూలు చేస్తారు. పైవాళ్ళ ముద్రలు బీరువాలో తాళం వేసుకుని ఉంటాయి.

“ఏడో తారీకున నేను సముద్రం అవతల, మా ఊళ్ళో ఉన్నాను. మా అమ్మ సంవత్సరీకానికి వెళ్ళాను. నా సెలవు చీటీ మీద ముద్ర కొట్టింది కూడా నువ్వే.”

“ముద్ర మీదేగా?”

“ముద్ర నాదే. చెయ్యెవరిది?”

ఇవాసే కిటికీలోంచి చూశాడు. కింద నేరేడు రంగు బస్సులు కడుగుతున్నారు. “నాకింకా రెండేళ్ళ సర్వీసుంది మిత్సూ. నడుం విరిగినవాణ్ణి. ఇది పోతే నన్నెవడు పెట్టుకుంటాడు? నీ సంగతి మరిచిపోయానా, చెప్పు? పోట్లాడి నీకు శిక్షకురాలి పోస్టు రాయించా.”

“ఎవరికి నేర్పాలి? గైడులే ఉండరుగా. స్పీకర్లకి నేర్పనా?”

ఆవిడ సొరుగు లాగి, డబ్బా మూత తీసి, తన పేరున్న చిన్న కర్ర ముద్ర ఏరుకుని జేబులో వేసుకుంది. ఇవాసే అడ్డు చెప్పలేదు. అడ్డు చెబితే చెయ్యెవరిదో చెప్పినట్టవుతుంది.

మిత్సుయో చెప్పిన సంగతి రుమికో మొదట నమ్మలేదు. “అందరూ పట్టుబడ్డాక ఇలాగే చెప్తారు” అంది. మిత్సుయో వాదించకుండా, “ఎనిమిదో తారీకున నేను మీ అందరికీ ఏం తెచ్చాను?” అని మాత్రం అడిగింది.

“పచ్చి నాచు. మీ ఊరిది. ఇంకా మా ఫ్రిజ్‌లో...” రుమికో ఆగిపోయింది. గోడమీది క్యాలెండరు వంక చూసింది. మిత్సుయో మొహం వంక చూసింది. ఆ తరవాత లేచి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా, మేనేజరు గదిలోకి పోయి బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చి బల్లమీద బోర్లించింది. ఆరుగురూ ఎవరి ముద్ర వాళ్ళు తీసుకున్నారు.

“నా ముద్రతో ఇంకేం రాశాడో దేవుడికే తెలియాలి” అంది ఒకామె.

“నాకు పెళ్ళి చేసేశాడేమో చూడండే” అంది రుమికో. ఆ వారంలో మొదటిసారి అందరూ నవ్వారు.

ఏ కంపెనీవాళ్ళైనా ఒక్కొక్కరుగా చేరగలిగే యూనియన్ ఒకటి, ఒకొనొమియాకి అట్ల కొట్టు మేడమీద చిన్న గదిలో ఉంది. ఏడుగురూ అక్కడ పేర్లు రాయించుకున్నారు. కాగితాలు చూసిన యూనియన్ ఆవిడ తీపి కబుర్లు చెప్పలేదు. “ముద్ర అసలుదైతే కోర్టు మొదట ముద్రనే నమ్ముతుంది. మీరు ఊళ్ళో లేరన్నది మంచి పట్టే. కానీ కంపెనీ ఏమంటుందో తెలుసా? ఆవిడే ఫోనులో కొట్టమంది అంటుంది. కొట్టినవాడు నోటితో ఒప్పుకుంటే తప్ప ఇది తేలదు.”

అనుకున్నట్టే అయింది. యూనియన్ రాసిన ఉత్తరానికి కంపెనీ మూడు వాక్యాల జవాబిచ్చింది. సంబంధిత ఉద్యోగి సమ్మతి మేరకే ముద్ర వేయబడింది. ప్రయాణికుల స్పందన బాగుంది. ఏప్రిల్ ఒకటి నుంచి అన్ని బస్సుల్లోనూ అమలు.

మార్చి చివరి ఆదివారం. చెర్రీలు పూసిన రోజుల్లో కోట చుట్టూ ఇసుక వేస్తే రాలదు. డ్రైవర్లు చాలక, లైసెన్సున్న మేనేజర్లని కూడా బస్సులెక్కిస్తారు. బోర్డు మీద మూడో నంబరుకి ఇవాసే పేరుందని రుమికో ముందురోజే చూసి వచ్చి చెప్పింది.

ఏడుగురూ సెలవు పెట్టి, సొంత కోట్లు వేసుకుని, జెండాలు పట్టుకుని, కోట వెనక బస్సుల పార్కింగులో నిలబడ్డారు. కరపత్రాలు పంచుతున్నారు. జనం తీసుకుని, మడిచి, పూలకి ఫొటోలు తీసుకోవడానికి పోతున్నారు. పదకొండు గంటలకి మూడో నంబరు వచ్చి, మలుపు తిరిగి, తన గడిలోకి వెనక్కి పోవడం మొదలుపెట్టింది. ఈమధ్య బస్సులకి వెనక కెమెరా ఉంది. గైడు దిగక్కర్లేదు. యంత్రమే కీచుకీచుమంటుంది.

మిత్సుయో కోటు జేబులో చెయ్యి పెట్టింది. పేరు ముద్ర పక్కన ఈల తగిలింది. తెల్ల తొడుగులు వేసుకుని, బస్సు వెనకకి నడిచి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. ఆరుగురూ వచ్చి అటూ ఇటూ నిలబడ్డారు. బస్సు ఇంకా పది అడుగుల దూరంలో ఉండగా ఊపిరంతా కూడదీసుకుని ఊదింది.

పొడుగు ఈల.

బస్సు నిలువునా ఆగింది. లోపల తలలు ఒక్కసారి ముందుకి ఊగాయి. తలుపు తెరుచుకుంది. పట్టీ కట్టిన నడుము పట్టుకుని, మొహంలో నెత్తురు చుక్క లేకుండా, ఇవాసే వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

“ఎవరు? వెనక ఎవరున్నారు? పిల్లాడా?”

“నేనున్నాను” అంది మిత్సుయో. “రుమికో ఉంది. ఏడుగురం ఉన్నాం. తొక్కుకుంటూ వచ్చేస్తున్నావు.”

ఇవాసే చక్రం కిందికి చూశాడు. అక్కడ రాలిన పూరేకులు తప్ప ఏమీ లేవు. “ఊరికే ఊదకూడదు మిత్సూ. అదీ నువ్వు...”

“నేను ముప్పై మూడేళ్ళలో ఊరికే ఒక్కసారి కూడా ఊదలేదు. ఇవాళా ఊదలేదు.”

ప్రయాణికులు ఒక్కొక్కరే దిగి చుట్టూ మూగారు. “ఏదైనా షోనా?” అని ఒకామె అడిగింది. తెరిచిన తలుపులోంచి స్పీకరు ఎవరినీ పట్టించుకోకుండా, “మీ కుడి చేతి వైపు కనిపించే రాతిగోడ...” అని చెప్పుకుపోతోంది. సంచీ తగిలించుకున్న ఒక కుర్రది స్పీకరు వంకా మిత్సుయో వంకా చూసి, “అమ్మో, అదే గొంతు!” అంది.

“అవునమ్మా, నాదే” అంది మిత్సుయో, అవతలి గట్టుకి వినబడే గొంతుతో. “ఫిబ్రవరి ఏడున ఈ గొంతు మీద ఎవరో నా ముద్ర కొట్టారు. నేను ఊళ్ళో లేను. ఎవరు కొట్టారో ఈయనకి తెలుసు. అన్నా, చెప్పు. ఎవరు?”

ఇవాసే రెండు చేతులూ తొడలకి ఆనించి, నడుము నొప్పికి పళ్ళు బిగించి, వంగాడు. బాగా కిందికి, టోపీ జారిపోయేంత కిందికి వంగి, అలాగే ఉండిపోయాడు. ఎందుకో తెలియకపోయినా అలవాటు కొద్దీ ఇద్దరు ప్రయాణికులు కూడా తిరిగి వంగారు. ఎంత మర్యాదస్తుడో అన్నట్టు ఒకాయన తల ఊపాడు.

మిత్సుయోకి ఆ వంగడం తెలుసు. కంపెనీ పెద్దలు టీవీ కెమెరాల ముందు వంగే వంగడం అది. అందులో క్షమాపణ ఉంటుంది, చేసిందేమిటో మాత్రం ఉండదు. వంగిన వీపుని ఏ కోర్టూ సాక్ష్యం కింద రాసుకోదు.

“నడుము కాదన్నా” అంది. “నోరు.”

ఇవాసే లేవలేదు. అతని టోపీ మీద పూరేకులు రాలుతున్నాయి. వెనక ఇంకో రెండు బస్సులు వచ్చి దారి లేక హారన్లు కొడుతున్నాయి. రుమికో జెండా పైకెత్తి పట్టుకుంది. మూడో నంబరు గడిలోకి సగం పోయి, సగం రోడ్డుకి అడ్డంగా ఆగి ఉంది.

అది కదలాలంటే రెండు చిన్న ఈలలు ఊదాలి. మిత్సుయో ఈల నోట్లో పెట్టుకుని, అతని వైపే మొహం పెట్టి నిలబడింది. ఊదలేదు.